పండుగలోపు నాలుగు అద్దాలు

జనవరి 6

నిన్న గుమ్‌రే వదిన వచ్చింది. మా ఆయనకు అక్క. వచ్చీ రాగానే గుమ్మం దగ్గర చెప్పుల బీరువా అద్దం మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలిని నా ముక్కు ముందు పెట్టింది.

"మరదలా, ఇది అద్దమేనా, శుక్లం వచ్చిన కన్నా?"

నవ్వాను. పళ్ళు మాత్రమే నవ్వాయి.

ఇవాళ్టి నుంచి తీర్మానం. నెలాఖరులో చాంద్రమాన కొత్త సంవత్సరం పండుగ. ఆలోపు ఇంట్లో నాలుగు అద్దాలూ మెరవాలి. చెప్పుల బీరువాది, స్నానాల గదిది, బట్టల బీరువాది, నా అలంకరణ బల్లది. అది కూడా వంటింటి సరుకుతోనే. దుకాణంలో దొరికే సీసా మందు చిమ్మితే మా ఆయన కన్ను మండుతుంది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు కదా.

ఆకులు రాలే రోజుల్లో ఒక ఉదయం పళ్ళు తోముకుంటుంటే ఆయన నోట్లో నీళ్ళు పెదవి మూల నుంచి కారిపోయాయి. ముఖం ఎడమవైపు జారిపోయింది. సూదులు గుచ్చే వైద్యుడు ఆశ ఉందన్నాడు. రోజూ అద్దం ముందు నిలబడి బుగ్గలు పూరించాలి, "పా, పీ, పూ" అనాలి. చేస్తున్నానంటాడు ఈయన. ముప్పై ఏళ్ళు టాక్సీ నడిపినప్పుడు రోడ్డుకంటే అద్దంలో తన జుట్టునే ఎక్కువ చూసుకున్న మనిషి. అద్దం ముందు నిలబడమని ఈయనకు వైద్యుడు చెప్పాలా?

జనవరి 7

బియ్యం కడిగిన నీళ్ళు.

ఫోను వీడియోలో ఒకావిడ చెప్పింది. గోళ్ళకు గులాబీ రంగు, మడత నలగని ఏప్రాన్. ఆ ఇంట్లో అద్దానికి మురికి ఎలా పట్టిందో ఆ దేవుడికే తెలియాలి. "మన అమ్మమ్మల రహస్యం" అంటుంది. మా అమ్మమ్మకు అరచేయంత అద్దం ఒకటి ఉండేది. లంగా అంచుతో తుడుచుకునేది. రహస్యమంతా అంతే.

అయినా తుడిచాను. తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. నాలుగూ తళతళలాడాయి. నా బుగ్గల మీద ఇన్ని మచ్చలున్నాయని ఇవాళే తెలిసింది. ఫరవాలేదు. ఆవిడ గోళ్ళ రంగును క్షమించాను.

ఆయన ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. మాస్కు పెట్టుకుని నడకకు వెళ్ళాడు.

జనవరి 8

స్నానాల గది అద్దం మీద తెల్లటి పొర. చెప్పుల బీరువా అద్దం మీద కూడా. గంజి ఆరితే ఇలాగే ఉంటుంది. అమ్మమ్మల రహస్యం నిజంగానే బయటపడింది.

క్షమాపణ వెనక్కి తీసుకున్నాను.

జనవరి 11

వెనిగర్, నీళ్ళు, నలిపిన వార్తాపత్రిక.

ఇప్పుడు పత్రిక ఎవరింట్లో ఉంటుంది? సంతలో నేను వండిన కూరలమ్మే అంగడి పక్కన చేపలమ్మే ఆవిడ దగ్గర నాలుగు కాగితాలు అడిగి తెచ్చాను. ఒక దాంట్లో చేప పొలుసులున్నాయి. తుడిచాక అద్దానికి అంటుకుని మెరిశాయి. మెరుపు కావాలన్నాను కదా, వచ్చింది.

"అద్దాలకు ఊరగాయ పెడుతున్నావా?" అన్నాడు ఆయన ముక్కు మూసుకుని.

"మీ అక్కయ్యకు వడ్డిద్దామని."

నాలుగో కాగితంతో మళ్ళీ తుడిచాక అద్దాలు గాలిలా అయ్యాయి. ఉన్నాయో లేవో తెలియనంత. నాకు నేనే భుజం తట్టుకున్నాను. నొప్పి పెట్టింది.

జనవరి 12

మళ్ళీ మసక. ఈసారి జిడ్డులా ఉంది. వెనిగర్‌కు జిడ్డెలా పుడుతుంది? బహుశా నేను అంగడికోసం వేయించే చేప అట్ల పొగ. బహుశా వాతావరణం. మా గున్సాన్ రేవు గాలిలో ఉప్పుంటుందని వదిన ఎప్పుడూ అంటుంది. ఆవిడ చెప్పింది నిజమవ్వడం నాకిష్టం లేదు కాబట్టి పొగే.

జనవరి 15

బంగాళాదుంప. సగానికి కోసి అద్దానికి రుద్దాలట. ఆవిరి పట్టదట.

పట్టలేదు. అద్దమే కనబడకపోతే ఆవిరెక్కడ కనబడుతుంది? రుద్దిన దుంపను కడిగి పులుసులో వేశాను. మా ఆయన రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. చెప్పలేదు.

దుంప రుద్దాక స్నానాల గది అద్దాన్ని తుడవలేదు. పండుగ ముందు అంగడిలో ఊపిరాడడం లేదు. ముల్లంగి తరగడానికే చేతులు చాలడం లేదు. రేపు.

జనవరి 18

సోజు. ఇంట్లో ఆయన తాగకుండా మిగిలిపోయిన సారా. వైద్యుడు వద్దన్నాక బీరువా అడుగున దాచాను. సారా అయితే జిడ్డును కోసేస్తుందని చేపలావిడ ఒట్టేసి చెప్పింది. నిజమే, కోసేసింది. నాలుగు అద్దాలు, ఒక సీసా. కిటికీ తీయడం మరచిపోయాను.

సరిగ్గా అప్పుడే వదిన.

గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది. నా చేతిలో సీసా. నా ముఖం శ్రమకు ఎర్రగా ఉంది.

"ఎప్పటి నుంచి మరదలా?"

"అద్దాలు తుడుస్తున్నాను వదినా."

"అవునమ్మా. మా మామగారు కూడా పంటినొప్పికి పుక్కిలిస్తున్నాననే అనేవారు." నా భుజం మీద చెయ్యి వేసింది. "భర్త అలా అయిపోతే ఆడదానికి కష్టమే. నేనెవరితోనూ అనను."

సాయంత్రానికి ఊళ్ళో ముగ్గురు బంధువులు నా ఆరోగ్యం అడుగుతూ ఫోను చేశారు.

జనవరి 19

అద్దాలు మసక. నాలుగూ. సారాక్కూడా లొంగని మురికి ఈ లోకంలో మా ఇంట్లోనే ఉంది.

జనవరి 22

ఏమీ చేయలేదు. భుజం. చలి. కూరల అంగడి. అసలు అద్దం ఎందుకు? పక్కింటివాళ్ళు ఉన్నారు కదా, మనం ఎలా ఉన్నామో చెప్పడానికి.

జనవరి 24

కూర డబ్బాల మూతలు మరచిపోయానని మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. స్నానాల గది తలుపు తెరిచే ఉంది. మా ఆయన గిన్నెలు తోమే గుడ్డకు సబ్బు రుద్ది అద్దాన్ని పులుముతున్నాడు. పైనుంచి కిందికి, శ్రద్ధగా. ముప్పై ఏళ్ళలో ఆ గుడ్డను ఆయన చేతిలో చూడడం అదే మొదటిసారి.

"ఏం చేస్తున్నారు?"

తిరగలేదు. "తుడుస్తున్నా."

"సబ్బు రుద్ది, కడక్కుండానా?"

చేయి ఆగింది. గుడ్డలోంచి నురుగు కారుతోంది.

"నువ్వు తుడిచినప్పుడల్లా వాడొచ్చేస్తున్నాడు," అన్నాడు. "చెప్పులు వేసుకోబోతే వాడే. చొక్కా తీయబోతే వాడే. ఎక్కడికి పోను?"

"వాడంటే మీరేగా."

"తెలుసు. అందుకే."

నాకు మండిపోయింది. వెనిగర్, చేప పొలుసులు, నా భుజం, ఊరంతా నన్ను తాగుబోతును చేసిన వదిన, అన్నీ నోటిదాకా వచ్చాయి.

"మరి ఆ పా, పీ, పూ?"

"చేయలేదు."

"ఒక్కరోజు కూడా?"

"మొదటి రోజు చేశా. పూ అంటే సగం మూతి మాత్రమే కదిలింది. చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వూ సగమే వచ్చింది."

మూతలు తీసుకుని అంగడికి వెళ్ళిపోయాను. ముల్లంగి మరీ సన్నగా తరిగానని ఇద్దరు కొనకుండా వెళ్ళారు. పోతే పోనీ.

తీర్మానం రద్దు. మిగిలిన వెనిగర్ అంతా ముల్లంగి ఊరగాయలో పోశాను.

జనవరి 25

పొద్దున ఆయనను స్నానాల గదికి పిలిచి, సబ్బు పొర మీద బొటనవేలితో ఒక చిన్న గుండ్రం తుడిచాను. నోరు పట్టేంత.

"కన్ను చూడొద్దు, బుగ్గ చూడొద్దు. మూతి ఒక్కటే. ఎవరిదో మూతి అనుకోండి."

"నువ్వు బయటికి పో."

తలుపు అవతల వీపు తిప్పి నిలబడ్డాను. చాలాసేపు నీళ్ళ చప్పుడు. తర్వాత "ఫా." మళ్ళీ "ఫా." పిల్లి తుమ్మినట్టుంది. నవ్వు ఆపుకోవడానికి ఏప్రాన్ అంచు కాదు కదా, మొత్తం నోట్లో కుక్కుకున్నాను. తర్వాత చూస్తే ఏప్రాన్ తడిసింది. నవ్వుకే అని రాసుకుంటున్నాను.

జనవరి 27

గుండ్రం పెద్దదయింది. గడ్డం కూడా పడుతుంది. నేను తుడవలేదు. ఎవరు తుడిచారని అడగలేదు. ఆయన చొక్కా చేయి తడిగా ఉంది.

జనవరి 29

పండుగ. చనిపోయిన పెద్దలకు బల్ల మీద నైవేద్యం పరిచాం, మొక్కాం. బియ్యప్పిండి బిళ్ళల సూపు వడ్డించాను. వదిన ఇల్లంతా ఒక చుట్టు చుట్టి వచ్చి కూర్చుంది.

"పెద్దలు వచ్చే పూట అద్దాలన్నీ సబ్బు మరకలు. స్నానాల గది దాంట్లో ఎలుక కన్నంలా ఒక గుండ్రం. అడగకూడదు, ఏదో తాగుతూ తుడిచి ఉంటుంది."

ఆయన మాస్కు తీసేశాడు. ముఖం జారినప్పటి నుంచి అక్క ముందు తీయనే లేదు.

"అక్కా, అద్దాలు పాడు చేసింది నేను. దాన్ని అనకు."

"పాడు" అన్న మాట "ఫాడు"గానే వచ్చింది. సూపు ఒక చుక్క పెదవి మూల నుంచి గడ్డం మీదికి జారింది.

వదిన చెంచా కింద పెట్టింది. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. కాగితం రుమాలు తీసి, ముందు తమ్ముడి చేతికి ఇవ్వబోయి, చివరికి తనే గడ్డం తుడిచింది. ఆవిడ చేయి అంత మెత్తగా కదలగలదని నాకు తెలియదు. అంతవరకూ ఆవిడ మీద పోగుచేసుకున్న మాటలు ఎక్కడ పెట్టాలో తోచక ఇంకో గరిటె సూపు వడ్డించాను.

వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగింది. "సారా తగ్గించు," అంది.

జనవరి 30

పొద్దున "పా" వచ్చింది. నిజమైన "పా." పెదవులు రెండూ కలిసి విడివడ్డాయి. "పూ" ఇంకా లేదు.

"నువ్వూ రా," అన్నాడు లోపలి నుంచి.

"నాకెందుకు? నా మూతి బాగానే ఉంది."

"పక్కన నిలబడు. నిన్ను చూస్తూ అంటే వాణ్ణి చూడక్కర్లేదు."

వెళ్ళాను. గుండ్రంలో ఒక మూతి, గడ్డం మాత్రమే పడతాయి. నేను పక్కన నిలబడితే సబ్బు మరకలోకి పోయాను. వంగి చూశాం, నెట్టుకున్నాం, తల తగిలి ఇద్దరికీ నొప్పి పెట్టింది.

కొత్త తీర్మానం. రేపటి నుంచి ఒకటే అద్దం, స్నానాల గదిది. మిగతా మూడూ అలాగే పడి ఉండనీ. దీన్ని రెండు ముఖాలు పట్టేంత తుడవాలి. అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ వద్దు.

వెనిగర్ లేదు. కొనాలి.