మనిషి లేడనుకున్న కంప్యూటర్

మంగళవారం రాత్రి

ఫోన్ పగిలింది కాబట్టి హాలియాలో నెట్ సెంటర్‌కే వెళ్లాను. సూరత్ బట్టల మిల్లులో పనికి పోయిన నా స్నేహితుడు నరేష్‌ని, నన్నూ అక్కడికి పిలిపించుకోమని అడగాలి. "ఒకటి అడగాల్రా" అని పంపాను. ఎలా అడగాలో తెలీక అలాగే కూర్చున్నాను. తెర నల్లబడింది.

సెంటర్ నడిపే అన్న, ఎవరూ వాడని కంప్యూటర్లన్నీ కలిపి వాటితో పెళ్లి వీడియోలు తయారు చేయిస్తుంటాడు. నేను కూర్చున్నది కూడా ఆ పనిలోకే పోయింది. పిలవడానికి మొహమాటపడి, చివరికి లేచాను.

"అన్నా, నేనున్న గదా."

"బొమ్మ లెక్క కూసుంటే దానికేం ఎరుకరా? ఎవ్వల్లేరనుకుంది. జర మౌస్ కదుపుతుండాలె."

తెర తిరిగి వచ్చేసరికి నరేష్ మెసేజ్‌లు.

"ఏందిరా, అడుగు."

"ఉన్నవా?"

"షిఫ్టుంది, పోతున్న."

"ఉన్న" అని పంపాను. అడగాల్సింది మాత్రం అప్పుడూ రాయలేకపోయాను.