సైరన్ మోగినా ముల్లు లేపలేదు

జాన్ నాయినా,

ఈరోజుకు నువ్వు పోయి ఏడాది. నీ పాటల రికార్డు కొనడానికి మన కొడుకు జాన్ హైదరాబాదు నుంచి ఒకాయనను పిలిపించాడు. అరవైల్లో అమెరికాలో నలుగురు నల్లవాళ్లు గొంతులు కలిపి పాడిన ఆ రికార్డే, నువ్వు ఎవరినీ ముట్టుకోనివ్వనిది.

"చిన్న గీత కూడా ఉండొద్దమ్మా" అంటూ ఆయన పాట పెట్టాడు. అంతలో ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగింది. నువ్వయితే అన్నం ముందు నుంచి లేచొచ్చి రికార్డు మీది ముల్లు పైకి లేపేవాడివి. ఆయనకేం తెలుసు? నేను చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

పేలుడుకు మన క్వార్టర్ అదిరింది. ముల్లు కిర్రుమని జారి గీత పడింది.

"అమ్మా, సైరన్ ఇనవడలేదా? నువ్వన్న లేపకపోతివి!" బయటి నుంచి ఉరికొచ్చాడు జాన్.

హైదరాబాదు ఆయన వట్టి చేతులతో వెళ్లిపోయాడు. కోప్పడకు. ఇప్పుడా నలుగురూ ఆ గీత దగ్గర ఒక మాట మింగి పాడుతున్నారు. పాడనీ, మనింట్లోనే కదా.