సున్నా ప్రీమియం ప్లాను, విరిగిన తుంటి

డెల్బర్ట్,

పొయ్యి మీద చికెన్ సూప్ ఉంది, వేడి చేసుకుని తాగు. వాకర్ లేకుండా అడుగు వెయ్యకు. మెట్ల జోలికి అసలు పోకు. ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం మీద అప్పీలు పెట్టడానికి సీనియర్ సెంటర్‌కి వెళ్తున్నాను. గడువు ఇవాళే ఆఖరు.

తుంటి విరిగి పదమూడు రోజులైనా కాలేదు, నువ్వు బాగా కోలుకున్నావట, ఇక నడక నేర్పే రిహాబ్ సెంటర్‌లో ఉండక్కర్లేదట! నిన్ను చూడకుండానే కనిపెట్టారు, ఎంత దివ్యదృష్టో. నిన్ను బాత్రూమ్ దాకా నేను మోస్తున్న సంగతి మాత్రం వాళ్ల కంటికి ఆనలేదు, పాపం. ముసలివాళ్లకి సర్కారు మెడికేర్ ఇచ్చేదంతా మేమే ఇస్తాం, నెలకి కట్టాల్సింది సున్నా అన్నారు కదా. ఆ సున్నా ఎక్కడికీ పోలేదు, వచ్చి నీ వైద్యంలో కూర్చుంది. ప్లానుతో పాటు ఇచ్చిన జిమ్ మాత్రం ఇప్పటికీ ఉచితమే. ఓపికుంటే వెళ్లి కాసేపు ఎగిరి రా.

సెంటర్‌లో అప్పీలు రాసిపెట్టే మార్సీ, "అడిగినవాళ్లలో చాలామంది గెలుస్తారు వెర్నా, అడిగేవాళ్లే తక్కువ" అంది. ఈసారి గట్టిగానే అడుగుతాను.

అన్నట్టు, ఈ ప్లాను అమ్మిన ఏజెంటు మన వంటింట్లో కూర్చున్న రోజు నువ్వు వద్దనే అన్నావు. కట్టుడు పళ్లు ఉచితమని విని, సంతకం పెట్టమని పోరింది నేనే. పడ్డప్పటి నుంచీ నువ్వు ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది.

వెర్నా