పెడల్ తన్నిన మాట నిజం

ఏమండీ,

మీకు నమస్కారం. ఇక్కడ నేను బాగున్నాను, పిల్లలు బాగున్నారు, మీరు గుద్దిన గేటు కూడా బాగానే ఉంది. వంగిన ఊచని పెద్దాడు నిటారుగా కొట్టించాడు గానీ రంగు వేయించడం మర్చిపోయాడు. మీ మణికట్టు కట్టు విప్పేశారని అమ్మాయి చెప్పింది. మనసు కుదుటపడింది.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అడుగుతారు. ఫోనులో మీకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు, వెంటనే అమ్మాయి చేతికిచ్చేస్తారు. ఉత్తరమైతే చివరిదాకా వినాల్సిందే. రాసేది మీ పెద్ద కోడలు. వాళ్ళాయన మీద నేను చెప్పేవి కూడా ఒక్క ముక్క వదలకుండా రాస్తానని ముందే మాటిచ్చింది. ఇప్పుడు నవ్వుతోంది. నవ్వకుండా రాయమన్నాను.

మీరడిగినవాటికి జవాబులు. నా మోకాలు ఎప్పటిలాగే ఉంది, దాన్ని గురించి అడగడం మానేయండి. స్నానాలగదిలో కుళాయి కారడం ఆగింది. మీరు కారు నడిపేటప్పుడు వేసుకునే బూట్లు, ఆ పల్చటి అడుగువి, ఎవరికైనా ఇచ్చేయమన్నారు. ఇవ్వలేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

కారు అమ్మేయమన్నారు. "నా కాలు ఇక నా మాట వినడం లేదు. బ్రేకు నొక్కాననుకున్నాను, నొక్కలేదు కాబోలు" అని రాశారు. ఆ "కాబోలు" దగ్గర కోడలు చదవడం ఆపేసింది. నేను మళ్ళీ చదవమన్నాను. మెట్లు దిగాలన్నా అమ్మాయి చెయ్యి పట్టుకుంటున్నారట కదా. దెబ్బ తగిలింది మణికట్టుకి, కాలికి కాదు. అసలు మీ కాలికేమైందని?

గుద్దిన రోజు మీరన్నది వేరు. నేను మెట్ల మీదే ఉన్నాను. కారు దిగుతూనే, చెయ్యి పట్టుకుని, "నొక్కానే! పెడల్ నా కాలిని వెనక్కి తన్నిందే!" అన్నారు. నా చెవులతో విన్నాను. పెద్దాడేమన్నాడు? "పెడల్ తన్నడమేంటి నాన్నా, అదేమన్నా గాడిదా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకేం కాలేదు. మీరూ నవ్వారు చూడండి, అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత పెద్దాడు "బ్రేకు బదులు పొరపాటున యాక్సిలరేటర్ నొక్కేసుంటారు, వయసు కదా" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. వినీ వినీ మీరూ అదే నమ్మేశారు.

మీరు అమ్మాయి దగ్గరికి వెళ్ళగానే వాడు కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. నేను బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. "ముందు దీని జబ్బేంటో తేలాలి. తర్వాతే బేరం" అన్నాను. "అమ్మా, కారు గురించి నీకేం తెలుసు?" అన్నాడు పెద్దాడు. "కారు గురించి తెలీదురా. మీ నాన్న అబద్ధం చెబితే ఎడం కన్ను ఆర్పుతారు. ఆ రోజు ఆర్పలేదు" అన్నాను.

కారు మన గళ్ళచొక్కా మెకానిక్ షెడ్డుకి తోలించాను. ఇప్పటికీ గళ్ళచొక్కానే. చక్రాలు విప్పాడు, ప్యాడ్లు చూశాడు, డిస్కులు తడిమాడు, బ్రేకు ఆయిలు కొత్తది పోశాడు. "బ్రేకులు రాయిలా ఉన్నాయి పిన్నిగారూ. బాబాయిగారే బహుశా..." అన్నాడు. "ఆ మాట అక్కడే మింగెయ్" అన్నాను.

మరి స్టీరింగు ముందు వెలిగే ఆ పసుపు దీపాల సంగతేంటని అడిగాను. నాకు చదువు రాదు గానీ బొమ్మలొచ్చు. మీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూడలేదూ? ఒక దీపంలో గుండ్రం మధ్య అక్షరాలు, ఇంకోదాన్లో జారిపోతున్న కారు, దాని వెనక పాముల్లా వంకర గీతలు. "ఇప్పుడు వెలగట్లేదుగా" అన్నాడు. "నిలబెట్టిన కారులో ఎందుకు వెలుగుతాయి? నడుపు, నేనూ వస్తాను" అన్నాను. ఆ కారులోకి ఎక్కడం అనకూడదు, దిగడం అనాలి. నేల మీద చతికిలబడ్డట్టే. నా మోకాలు పట్టుకుని వాడు, తలుపు పట్టుకుని నేను, మొత్తానికి కూర్చున్నాను. వీధి చివర మలుపు తిరిగామో లేదో, రెండూ వెలిగాయి. "అదిగో నా పాములు!" అని అరిచాను. వాడు ఉలిక్కిపడ్డాడు.

మొదటి దీపం ఏబీఎస్‌దట. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా, బ్రేకుని వదిలి పట్టి వదిలి పట్టి చూసుకుంటుందట. రెండోది ట్రాక్షన్ కంట్రోల్‌ది. చక్రాలు పట్టు లేకుండా ఊరికే తిరిగితే ఇంజను బలం తగ్గిస్తుందట. బలం తగ్గడం అనగానే నాకు వెలిగింది. మలుపు తిరిగి ఎత్తెక్కేటప్పుడల్లా మన కారు నీరసపడి మూలిగేది కాదూ? మీరు పెట్రోలు కల్తీ అని బంకువాణ్ణి నానా మాటలూ అనేవారు. ఆ సంగతి చెబితే మెకానిక్ చేతిలో పని ఆపి, "ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా పిన్నిగారూ!" అన్నాడు. "నువ్వు అడిగితే కదా" అన్నాను. ఏమైనా, మీరొచ్చాక ఆ బంకువాడితో ఒక మంచి మాట మాట్లాడాలి.

కారు లోపాలు చదివే మిషను తగిలిస్తే, తప్పు ముందువైపు ఎడమ చక్రం సెన్సార్‌ది అని చూపించింది. కొత్త సెన్సార్ వేశాడు. మర్నాడు మళ్ళీ పాములు. పెద్దాడు "చూశావా" అన్నట్టు చూశాడు. ఎలుకలు వైర్లు కొరికుంటాయని నేను పట్టుబట్టి సీటు కింద అంతా విప్పించాను. ఎలుకా లేదు, దాని తోకా లేదు. అదొక్కటీ నా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. మెకానిక్ కూడా వదిలే రకం కాదు. చక్రం పైకి లేపి, లైటు వేసి, చేత్తో మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. చక్రం లోపల పళ్ళున్న రింగొకటి ఉంటుంది. చక్రంతోపాటు తిరుగుతుంది. సెన్సార్ ఆ పళ్ళని చూసే చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో తెలుసుకుంటుంది. ఆ రింగు తుప్పు పట్టి పగిలింది. నా వేలు తీసుకెళ్ళి పగులు మీద పెట్టాడు. గోరు దిగింది.

ఇక వినండి. ఆ పగులు సెన్సార్ ముందుకొచ్చినప్పుడల్లా లెక్క తప్పుతుంది. కారు మెల్లగా వెళ్తున్నప్పుడు మరీను. చక్రం బిగుసుకుపోయిందనుకుని ఏబీఎస్ బ్రేకు వదిలేస్తుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదిలేస్తుంది. మీ కాలికి తగిలిన తన్ను అదే. మీరు నొక్కారు, అది వదిలింది. గేటు దగ్గర వాలులో మెల్లగా దిగుతూ నొక్కినప్పుడు జరిగింది అదే, ఇంకోటి కాదు.

ఇప్పుడు మీకు కోపం తెప్పించే సంగతి. కోడలు ఇది రాయనంటే గట్టిగా కసిరాను, రాస్తోంది. మెకానిక్ చెప్పింది విని ఊరుకోలేదు నేను. నా కాలితో చూడాలన్నాను. షెడ్డు వెనక గోడా చెట్టూ లేని ఖాళీ స్థలం ఉంది, కొంచెం వాలు. ఇంజను వేసి, గేరు వేయకుండా, నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్కన హ్యాండ్ బ్రేకు పట్టుకుని, కారుని దొర్లనిచ్చాడు. వడివడిగా నడిచేంత జోరు, అంతే. నొక్కాను. టకటకటకమని కొట్టుకుని నా కాలిని వెనక్కి తన్నిందండీ! సరిగ్గా మీరన్నట్టే. ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా ముందుకు పోయింది. భయమా? నాకా? స్టీరింగు మాత్రం కాసేపు వదల్లేకపోయాను.

తర్వాత పెద్దాణ్ణి పిలిపించి కూర్చోబెట్టాను. ఒక్కసారి నొక్కాడు. దిగాడు. "తన్నిందమ్మా" అన్నాడు. "గాడిదేనా?" అన్నాను. వాడు తల వంచుకుని కొనేవాడికి అక్కడే ఫోను చేసి బేరం లేదని చెప్పేశాడు. ఇదంతా వాడే మీకు ఫోనులో చెబుతానన్నాడు. వద్దన్నాను. వాడు చెబితే మీరు "పోనీలేరా" అంటారు. ఆ "పోనీలే" నాకొద్దు.

చివరి సంగతి. కారు ఇంకా బాగు చేయించలేదు. ఇలాంటి పాత కారే ఒకటి విప్పుతుంటే దాన్నుంచి మెకానిక్ మంచి రింగు సంపాదించాడు. "పూటలో బిగించేస్తాను, ఎందుకాపుతారు పిన్నిగారూ" అని నన్ను తిట్టని రోజు లేదు. రింగు నా బట్టల బీరువాలో తువ్వాలులో చుట్టి ఉంది, తాళం నా దగ్గరుంది. మీరు రాకుండా బిగిస్తే ఏమవుతుంది? మీరొచ్చి నొక్కుతారు, కారు బుద్ధిగా ఆగుతుంది. "చూశావా, తప్పు నా కాలిదే" అంటారు. నా మాట మీరెప్పుడు నమ్మారు గనక? నా మాట నమ్మొద్దు, పెద్దాడి మాటా నమ్మొద్దు. మీ కాలినే అడగండి.

అదే ఖాళీ స్థలం, అదే వాలు. పక్కన మెకానిక్ ఉంటాడు, బయట నేనుంటాను. నొక్కండి. తన్నుతుంది. అప్పుడు దిగి, మీ చేత్తోనే ఆ రింగు మెకానిక్‌కివ్వండి. బిగించేదాకా పక్కనే నిలబడి చూడండి. తర్వాత నన్ను ఎక్కించుకుని ఇంటికి తీసుకురండి. వాలు దిగి, గేటు ముందు ఆపండి. గేటుకి రంగు ఆ తర్వాత వేయిద్దాం.

అమ్మాయి ఇంటి మెట్లు రేపు ఒక్కరే దిగండి. బూట్లు తుడిచి తలుపు పక్కనే పెట్టాను.

ఇట్లు,
మీ కాలి మీద మీకన్నా నమ్మకమున్న
మీ ఇంటావిడ