చెల్లెమ్మ చెప్పని ఓటీపీ

బావా,

పోయేవాడివి ఊరికే పోలేదు, మన యూనివర్సిటీ క్లౌడ్ ఖాతా తాళంచెవి కూడా పట్టుకుపోయావు. ఆఫీసు సిమ్‌కి ఎవరూ రీచార్జ్ చేయించరని ఆ ఖాతాకు నీ సొంత నంబరే ఇచ్చావు కదా! నీ సంవత్సరీకం కూడా అయిపోయింది. ఇప్పుడేమో ఖాతాలన్నిటికీ భద్రత పెంచమని పైనుంచి ఆర్డరొచ్చింది. నంబరు మార్చాలన్నా ఓటీపీ వచ్చేది నీ ఫోన్‌కే.

ఆ ఫోన్‌ని బతికించుకుంటూ వస్తున్నది మీ ఆవిడే. గాజువాకకి ఫోన్ చేశాను.

"ఓటీపీ ఎవలికీ సెప్పొద్దని ఆయన మరీమరీ సెప్పేరు అన్నయ్యా."

"నాను నీ అన్నయ్యనే కదా తల్లీ!"

"దొంగలూ అలాగే అంతారంట. అదీ ఆయనే సెప్పేరు."

ఈ పాఠం నువ్వు ఆఫీసులో మా అందరికీ చెప్పావు. బుర్రకెక్కింది మాత్రం చెల్లెమ్మ ఒక్కదానికే.

ఇక చేసేదేముంది, మద్దిలపాలెంలో బస్సెక్కి మీ ఇంటికే వెళ్లాను. కాఫీ ఇచ్చింది, ఓటీపీ ఇవ్వలేదు. నన్ను గోడవైపు తిరగమని, నా లాప్‌టాప్‌లో తనే టైపు చేసింది. నంబరు మారిపోయింది.

నీ ఫోన్‌ని కొంగుతో తుడిచి మళ్లీ చార్జింగ్‌కి పెడుతూ, "అయితే ఇంక దీనికి ఏటీ రాదా అన్నయ్యా?" అంది.

మూసిన లాప్‌టాప్ మళ్లీ తెరిచాను. అత్యవసర నంబరుకని ఇంకో గడి ఉంటుంది కదా, అందులో నీదే పెట్టాను.

ఇవాళ కొత్త డైరెక్టరుగారు ఆ నంబరెవరిదని అడిగారు.

"గాజువాకలో ఉంటుందండి. అంతకన్నా గట్టి తాళం మన దగ్గర లేదు," అన్నాను.