కూర్చుంటే వచ్చే పుల్ల

జూన్ 4

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

నువ్వు నర్సుగా చేస్తున్న ఆసుపత్రిలో, వాపు తగ్గాలని సూదితో నా కంట్లో వెనకభాగంలోకి పంపిన సన్నటి స్టెరాయిడ్ మందు పుల్ల ముందుకు వచ్చేసింది. అందుకే ఈ ఉత్తరం. అద్దంలో చూస్తే నల్లగుడ్డు కింది అంచున తెల్ల దారపు ముక్కలా కనిపిస్తోంది. చూపు మసకేసింది. నాకు మిగిలింది ఈ ఒక్క కన్నే. ఫోన్లో చెబితే "సరేలే అమ్మమ్మా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

అమ్మమ్మ

తా.క. నా కేసు కాగితంలో 'సహకరించే రోగి' అని ఎవరు రాశారు? కొట్టేయించు.

జూన్ 9

అమ్మమ్మకు నమస్కారాలు.

నిన్న మా కంటి డాక్టరుగారు నీ కన్ను చూశారుగా. వెల్లకిలా పడుకోబెట్టి, చుక్కలు వేసి, చాలాసేపు దీపం పెట్టి వెతికారు. పుల్ల దాని చోట అది ఉంది. కంట్లో ఒత్తిడి మాత్రం పెరిగింది. ఈ పుల్లతో అలా అవుతుంటుంది. చుక్కలు మానకు.

నీ మనవరాలు

తా.క. డాక్టరుగారిని ఎక్కడ చదివావని అడగడం బాగోలేదు. ఆయన చెప్పాక మార్కులు అడగడం అసలు బాగోలేదు.

జూన్ 11

చిరంజీవికి,

నీ ఉత్తరం చదవడానికి కూర్చున్నాను. పుల్ల మళ్లీ వచ్చింది. సగం చదివాక అక్షరాలు కలిసిపోయాయి. నా మాట ఎవరూ నమ్మరా?

అమ్మమ్మ

తా.క. సగమే చదివాను కాబట్టి మార్కుల సంగతి నాకు తెలియదు.

జూన్ 13

అమ్మమ్మా,

కోప్పడకు. సోమవారం మా మానసిక వైద్యుడు నీతో మాట్లాడతారు. అంతవరకూ ఇంట్లో మొహం చూసుకునే అద్దాలన్నీ అటక మీద పెట్టమని మామయ్యకు చెప్పాను.

నీ మనవరాలు

తా.క. మామయ్యను తిట్టకు.

జూన్ 17

చిరంజీవికి,

నేను పడుకుని చెబుతుంటే మీ మామయ్య రాస్తున్నాడు. తిట్టడం నిన్ననే అయిపోయింది.

మీ మానసిక వైద్యుడు మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, నా కంట్లోకి చూస్తూ మాట్లాడాడు. మధ్యలో ఆగి, "మామ్మగారూ, మీ కంట్లో నిజంగానే ఏదో ఉందండీ" అన్నాడు.

పాత శుక్లాల ఆపరేషన్లో చిరిగిన పొరలోంచి పుల్ల ముందుకు జారుతోందట. పడుకుంటే వెనక్కి పోతుంది, కూర్చుంటే ముందుకు వస్తుంది. మీవాళ్లు పడుకోబెట్టే చూశారు. ఈలోగా నల్లగుడ్డు మీది పొర ఉబ్బి తెల్లబడింది. రేపు పుల్ల తీస్తారు. చూపు తిరిగొస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఇక జరగవలసినవి:

1. తీసేవరకూ నేను వెల్లకిలానే ఉంటాను. నువ్వు వచ్చి పక్కన కూర్చోవాలి.
2. మీ డాక్టరు రోగులను కూర్చోబెట్టి కూడా చూడాలి.
3. 'సహకరించే రోగి' కొట్టేయాలి.
4. అద్దాలు అటక మీదే ఉండనివ్వండి. పనికొచ్చేట్టయితే అడుగుతాను.