నీకోసం రెండో ఫైలు

ఏ.ఎస్. రావు నగర్

ఫెయిత్,

కోడింగ్ మానేస్తానన్నావని అమ్మ ఫోన్లో చెబితే ఒళ్లు మండింది. నేను చేసిన మన చర్చి పాటల పేజీ కోడ్ తెరిచి, అంతా ఒకే లైనులో ఉండటం, పేర్ల బదులు ఏ, బీ, సీలు ఉండటం చూసి "గిట్ల రాసుడు నాతోని గాదు" అన్నావట! పిచ్చిదానా, అట్లా ఏ మనిషీ రాయడు. ఫోన్లలో తొందరగా తెరుచుకోవాలని, నేను రాసినదాన్ని బండ్లర్ అనే ప్రోగ్రాం అట్లా కుదిస్తుంది.

ఇవాళ దాని సెట్టింగులు మార్చాను. పనిచేసింది! ఇప్పుడు రెండు ఫైళ్లు వస్తున్నాయి. కుదించింది అందరి ఫోన్లకి, నేను రాసింది రాసినట్టే ఉన్న రెండోది చదువుకోవడానికి. "రెండోది ఎవడు సదువుతడ్రా?" అని ఆఫీసులో పక్క సీటు జెరెమియా నవ్వాడు. "మా చెల్లె" అన్నాను.

లింకు పంపాను, తెరువు. ఏ లైనైనా అర్థంకాకపోతే తప్పు నీది కాదు, చెత్తగా రాసిన నాది. ఫోన్ చేసి తిట్టు.

నీ అన్న